ఇంట్లోనే చేసుకోవచ్చు

రెబ్కాకి ఒక జబ్బు ఉంది. పాతికేళ్ళకు పైగా నర్సు ఉద్యోగం చేస్తూ ఎందరెందరి జబ్బులనో కనిపెట్టుకుని చూసిన మనిషి, తన జబ్బును మాత్రం ఏనాడూ జబ్బనుకోలేదు. ఏ కొట్లోనైనా ముద్దొచ్చే వస్తువు కనపడితే చాలు, చేతిలోకి తీసుకుంటుంది. తిప్పి చూస్తుంది. వెనకవైపు కుట్టు చూస్తుంది. ధర చీటీ చూసి, ఒక నిట్టూర్పు విడిచి, ఉన్నచోటే పెట్టేస్తుంది. పెట్టేసి, పక్కనున్న భర్త సాలొమోనుతో అంటుంది.

"ఇంట్లోనే చేసుకోవచ్చండీ."

అని ఊరుకుంటే అది జబ్బెందుకవుతుంది? చేసి తీరుతుంది. మయూర్ విహార్‌లో వాళ్ళ రెండు గదుల ఫ్లాటుకి వెళ్ళి చూడండి. గుమ్మానికి గుడ్డ పిట్టలు, కిటికీకి గవ్వల తెర, టీకప్పులో పోసిన కొవ్వొత్తులు, ఫ్రిజ్ తలుపు మీద ఉన్నితో అల్లిన బెండకాయ. బెండకాయ దేనికని అడక్కండి. ఏదో కొట్లో చూసింది, ఇంట్లో చేసుకోవచ్చనుకుంది, చేసింది. కూతురు అక్సా నోయిడాలో ఉద్యోగం నుంచి అలసిపోయి వచ్చి, కూర్చుందామంటే సోఫా మీద అల్లికలు జరపాలి. "మమ్మీ, యే ఘర్ హై యా దుకాన్?" అంటుంది ఆ పిల్ల. తల్లి తెలుగులో తిడుతుంది, కూతురు హిందీలో జవాబు చెబుతుంది, ఇద్దరికీ అన్నీ అర్థమవుతాయి.

రెబ్కాకి బుధవారం సెలవు. ఆ రోజు ఆమె ఇంట్లో ఉండదు. పింక్ లైను మెట్రో ఎక్కి సరోజినీ నగర్‌లో గుండీలు, రిబ్బన్లు ఏరుకోవడం ఒక బుధవారం, కినారీ బజారులో లేసులు తడిమి చూడటం ఇంకో బుధవారం. ఎటు వెళ్ళినా చివరికి తేలేది మాత్రం షాపూర్ జాట్ గల్లీలోనే. అక్కడ ఇరుకు మెట్లెక్కితే 'తిత్లీ' అని ఒక చిన్న కొట్టు ఉంది. అగ్గిపెట్టెంత కొట్టు. అందులో ఉన్నదంతా చేత్తో చేసిన సరుకే. రెబ్కాకి ఆ మెట్లెక్కుతుంటే మోకాళ్ళ నొప్పి కూడా గుర్తుండదు.

సాలొమోను కిందటేడు సర్కారు నౌకరీ నుంచి రిటైరయ్యాడు. అప్పటినుంచి బుధవారాల్లో సంచీ మోసే ఉద్యోగం ఇచ్చింది భార్య. మాటలు తక్కువ మనిషి. ఆమె పది మాటలంటే ఆయన "ఊఁ" అంటాడు. ఆ ఒక్క ఊఁలోనే అవునూ ఉంటుంది, కాదూ ఉంటుంది, కాళ్ళు నొప్పెడుతున్నాయి ఇంటికి పోదామా అన్నదీ ఉంటుంది.

కొట్టు యజమాని ముప్పై దాటని పిల్ల. పేరు ఇషిత. నడినెత్తిన జుట్టు ముడేసి, ఆ ముడిలో పెన్సిలు గుచ్చుకుని, ఎప్పుడూ ఏదో ఒకటి అతికిస్తూ ఉంటుంది. "ఆయియే ఆంటీ" అని నవ్వి తన పనిలో పడుతుంది. కొనమని వెంటపడదు. అదే రెబ్కాకి నచ్చింది. నచ్చింది కాబట్టే ఏడాదిగా ప్రతి బుధవారం వచ్చి ఒక్కటీ కొనకుండా, నోటికొచ్చినన్ని వంకలు పెట్టి వెళుతుంది. తెలుగులోనే లెండి.

ఢిల్లీలో మన తెలుగువాళ్ళకి ఒక ధీమా ఉంటుంది. తెలుగంటే తలుపేసుకున్న గది అనుకుంటారు. మెట్రోలో ఎదురు సీటువాడి ముక్కు గురించి, లిఫ్టులో పక్కావిడ చీర గురించి, ఆ మనిషి మొహం మీదే మాట్లాడేసుకుంటారు. మీరూ నేనూ చేసే పనే. రెబ్కాకి ఆ ధీమా నలుగురికి సరిపడా ఉంది.

"ఇదేంటో తెలుసా అండీ? మొక్కల కుండీ వేలాడదీసేదంట. ఉట్టి కాదూ ఇది? మా అమ్మమ్మ పెరుగుకుండ పెట్టేది ఇందులో. దీనికి ఇంగ్లీషు పేరు పెట్టి ఇంత ధరా?"

"ఊఁ."

"ఇది చూడండి, ఎండుకొమ్మకి దారాలు చుట్టింది. మన వీధి ఊడ్చేవాడి దగ్గర ఇట్లాంటివి బండెడుంటాయి. ఈ పిల్లకి బుర్రలేదని మాత్రం అనలేం. చెత్తని అమ్మడానికి కూడా తెలివుండాలిగా."

ఇషిత తల వంచుకుని కాగితపు పువ్వులు కత్తిరిస్తూ ఉండేది. వెళ్ళేటప్పుడు మాత్రం తప్పకుండా అడిగేది. "అగ్‌లే బుధ్‌వార్ ఆయేంగీ నా, ఆంటీ?"

"వస్తాలే, నాకేం పనిలేదనుకున్నావా" అని తెలుగులో గొణిగి, "హాఁ బేటా, జరూర్" అని హిందీలో నవ్వేది రెబ్కా.

ఇంతకీ కొనని మనిషికి ఆ కొట్టు మీద అంత మోజెందుకు? అదొక కథ. రెబ్కాది నరసాపురం దగ్గర పల్లె. ఆ చుట్టుపక్కల ఏ అరుగు మీద చూసినా ఆడవాళ్ళు లేసు అల్లుతూనే ఉంటారు. రెబ్కా వాళ్ళమ్మ సంతోషమ్మ చేతిలో లేసు సూది ఆగగా ఎవరూ చూడలేదు. పొయ్యి మీద అన్నం ఉడుకుతున్నా, గుడిలో ప్రసంగం సాగుతున్నా ఆ సూది ఆడుతూనే ఉండేది. బల్లగుడ్డలు, దిండు గలీబులు, సాలీడు కూడా సిగ్గుపడేంత సన్నటి పువ్వులు. ఏజెంటు వచ్చి మూట కట్టుకుపోయేవాడు. అవి ఓడెక్కి ఏ దేశం పోయేవో, ఏ దొరసాని బల్ల మీద పరుచుకునేదో ఎవరికీ తెలియదు. ఊళ్ళో ఎవరూ వాటిని మెచ్చుకునేవారు కాదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు కదా. ఒకసారి వర్షాకాలంలో అరుగు మీద కూర్చుని సంతోషమ్మ అంది: "ఇన్నేళ్ళు అల్లాను గదే. నేనల్లింది చేతిలోకి తీసుకున్నప్పుడు ఆ మనిషి మొహం ఎలా ఉంటుందో ఒక్కసారీ చూళ్ళేదు."

చూడకుండానే పోయింది ఆమె. ఆ మాట మాత్రం రెబ్కా మనసులో ముల్లులా ఉండిపోయింది. తను చేసినవన్నీ బంధువులకీ వార్డులో పుట్టిన పసిపిల్లలకీ పంచిపెడుతుంది. "ఏం చేతులమ్మా నీవి" అని తీసుకుంటారు, మరుక్షణం మర్చిపోతారు. ఊరికే ఇచ్చినదాన్ని మెచ్చుకోవడం మర్యాద. ముక్కూ మొహం తెలియని మనిషి, నూరు వస్తువుల్లో తన వస్తువే ఏరుకుని తీసుకుంటే ఆ మొహం ఎలా ఉంటుంది? అమ్మ చూడలేకపోయింది. తనైనా చూడాలి. ఈ కోరిక సాలొమోనుకి తప్ప ఎవరికీ చెప్పలేదు. అన్నీ ఇంట్లో చేసుకోవచ్చని ఊరంతా చాటిన నోటితో, నేను చేసినవి ఎవరైనా కొంటే బాగుండునని ఏ మొహం పెట్టుకుని చెబుతుంది?

నవంబరు చివర్లో తిత్లీ తలుపుకి కాగితం అంటించారు. క్రిస్మస్ ముందు శనివారం గల్లీలో సంబరం, కొట్లో ఒక టేబులు ఇంట్లో కేకులూ అల్లికలూ చేసేవాళ్ళకిస్తాం, నమూనాలు తెచ్చి చూపించండి అని దాని సారాంశం. రెబ్కా దాన్ని రెండుసార్లు చదివింది.

"వెళ్ళి అడుగు" అన్నాడు సాలొమోను. ఆ రోజుకి ఆయనకది పెద్ద ఉపన్యాసమే.

ఆ వారమంతా ఇల్లు ఇల్లులా లేదు. ముప్పై నంబరు తెల్లదారంతో నక్షత్రాలు అల్లింది. అవి గట్టిగా నిలబడటానికి ఢిల్లీ వాళ్ళు జిగురు పూస్తారు, రెబ్కా అన్నం వార్చిన గంజి పెట్టింది. గంజి పెట్టి, పీట మీద గుండుసూదులు గుచ్చి ఆరబెట్టింది. వాళ్ళమ్మ అలాగే చేసేది. ఇక కేకు. అక్సా ముచ్చటపడి కొనిచ్చిన ఓవెను వంటింట్లో ఉంది, దాని మీద ఉల్లిపాయల బుట్ట ఉంది. రెబ్కా కేకు కాల్చేది ఇసుకలోనే. మందపాటి దబరగిన్నెలో ఇసుక పోసి, మధ్యలో కేకు గిన్నె దించి, మూతపెట్టి, సన్నటి మంట మీద వదిలేస్తుంది. ఆ ఇసుక గోదావరి ఇసుక. పెళ్ళయి ఢిల్లీ వచ్చేటప్పుడు హార్లిక్స్ సీసాలో పోసుకుని రైల్లో తెచ్చుకుంది. కాలి కాలి బొగ్గులా నల్లబడింది గానీ మార్చలేదు. "యమునలో ఇసుక లేదా మమ్మీ?" అని అక్సా అడిగితే, "ఉంది, దాంతో నీ మొగుడికి చేసిపెట్టు" అంది.

బుధవారం నాడు కేకు డబ్బాలో పెట్టి, మూత మీద తెల్ల ప్లాస్టరు ముక్క అంటించి, పేరూ ఫ్లాటు నంబరూ రాసింది. ఆస్పత్రి అలవాటు. ఇంట్లో ఏ డబ్బా గుమ్మం దాటినా ప్లాస్టరు అంటించుకునే దాటాలి, లేకపోతే తిరిగి రాదని ఆమె నమ్మకం.

తిత్లీలో ఇషిత నక్షత్రాన్ని వెలుతురుకెత్తి చూసింది. కేకు ముక్క నోట్లో పెట్టుకుంది. నమిలింది. మొహం బిగపట్టుకుని కిటికీవైపు తిరిగింది. ఒక్కమాట లేదు. కొందరికి భయమేస్తే నోరు పడిపోతుంది, రెబ్కాకి లేస్తుంది.

"చూశారా ఆ మొహం" అంది భర్తతో, తెలుగులో, నవ్వు చెరగనీయకుండా. "ఆముదం తాగినట్టు పెట్టింది. కేకంటే ఏంటో తెలిస్తేగా దీనికి, అట్టముక్కలు అతికించుకునే పిల్లకి. బాగోలేకపోతే బాగోలేదని చెప్పొచ్చుగా. ఆ జుట్టు చూడండి, పీచులాగ. నూనె చుక్క తగిలి ఎన్నాళ్ళయిందో. ఆ తలకి ఇంత నూనె రాసే దిక్కు కూడా లేదా పాపం."

ఇషిత కిటికీ దగ్గర్నుంచి ఇటు తిరిగింది.

"ఉండేదండీ ఆంటీ" అంది, తెలుగులో. "మా మామ్మ. కిందటేడు పోయింది."

ఏడాది బుధవారాలన్నీ రెబ్కా కళ్ళముందు వరసగా నిలబడ్డాయి. ఉట్టి, ఎండుకొమ్మ, వీధి ఊడ్చేవాడి బండి, బుర్రలేదని మాత్రం అనలేం అన్నమాట, అన్నీ. సిగ్గుతో చచ్చినంత పనైంది. ఆ పిల్ల ఇంకేదో అనబోతోంది, వినలేదు. డబ్బా వదిలేసింది, నక్షత్రాలు వదిలేసింది, సాలొమోను చొక్కా పట్టుకుని మెట్లు దిగేసింది. మెట్రోలో ఇల్లు చేరేదాకా ఒక్క తెలుగు ముక్క మాట్లాడలేదు. సాలొమోను భయపడిపోయాడు. ఆయన ముప్పై ఏళ్ళ సంసారంలో ఇలాంటిది ఎరగడు.

"కాలు జారితే లేవొచ్చు, నోరు జారితే లేవలేం అని మా అమ్మ చెబుతూనే ఉండేది" అంది రెబ్కా రాత్రి అన్నం దగ్గర. "తల్లిలాంటిది పోయిన పిల్లని పట్టుకుని నూనె రాసే దిక్కులేదా అన్నానండీ. రేపు ప్రభువు అడిగితే ఏం చెప్పను?"

"తెలీక అన్నావు."

"తెలిస్తే అనను, తెలీదు కాబట్టి అంటాను. అదేగా తప్పు."

సాలొమోను ఆమె కంచంలో ఇంకో గరిటె పప్పు వేశాడు.

టేబులు మాట ఇక ఎత్తకూడదనుకుంది. నక్షత్రాలు గంజి పెట్టిన పీట బీరువా వెనక్కి తోసేసింది. తరవాతి బుధవారం వచ్చింది. రెబ్కా ఇంట్లో ఉంది. పప్పుడబ్బాలన్నీ దించి తుడిచింది, తుడిచినవే మళ్ళీ తుడిచింది. సాలొమోను అలవాటు కొద్దీ సంచీ భుజాన వేసుకుని గుమ్మం దగ్గర నిలబడి, కాసేపయ్యాక సంచీ తీసి మేకుకి తగిలించాడు. అమ్మ ముచ్చట తీరుస్తాననుకుంది, నోటితోనే దాన్ని పోగొట్టుకుంది. ఆ బాధ ఒకవైపు, ఆ పిల్లకి క్షమాపణైనా చెప్పలేదన్న బాధ ఇంకోవైపు.

సాయంత్రం బెల్లు మోగింది. తలుపు తీస్తే ఇషిత. తలలో పెన్సిలు, చేతిలో కేకు డబ్బా. మూత మీద ప్లాస్టరు ముక్క అలాగే ఉంది.

"అడ్రసు దీని మీదే ఉందండీ" అంది ఆ పిల్ల. "డబ్బా ఇద్దామని వచ్చాను."

రెబ్కా డబ్బా అందుకుంటే బరువుగా ఉంది. మూత తీసింది. లోపల కొబ్బరినూనె సీసా.

"ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదని మామ్మ చెప్పేది" అంది ఇషిత. "ఏం పెట్టాలా అని ఆలోచించాను. ఇది తోచింది."

రెబ్కా ఆ సీసా వైపు చూసింది, ఆ పీచు జుట్టు వైపు చూసింది. ఏడవాలో నవ్వాలో తేలక, ముందు కోప్పడింది. "గుమ్మంలో నిలబడి మాట్లాడతారా ఎవరైనా? లోపలికి రా. కూర్చో కింద."

కింద కూర్చోబెట్టి, తను సోఫా మీద కూర్చుని, పెన్సిలు లాగేసి, నూనె గోరువెచ్చన చేసి తెప్పించి తలకి పట్టించడం మొదలుపెట్టింది. తెచ్చింది సాలొమోను. నూనె రాసే చేతికి మనిషి మొహం కనపడదు కాబట్టి మాట్లాడటం తేలికైంది.

"తప్పైపోయిందమ్మా. ఏడాదినుంచీ నిన్ను నానా మాటలూ అన్నాను. అంతా అర్థమవుతూనే ఉందా?"

"అంతా. మాది బందరు. నేను పుట్టింది ఇక్కడే. అమ్మ పంజాబీ, నాన్న ఇంట్లో హిందీయే మాట్లాడతారు. మామ్మ ఒక్కతే నాతో తెలుగు. పేరు నాగేంద్రమ్మ. ఓల్డ్ రాజిందర్ నగర్‌లో నాగిన్ ఆంటీ అనేవాళ్ళు."

"మరి మొదటిరోజే చెప్పొచ్చుగా, నాకు తెలుగొచ్చు ఆంటీ, నోరు మూసుకోండి అని."

"చెబితే మీరు మర్యాదగా మాట్లాడతారు కదా ఆంటీ. తెలుగువాళ్ళు కొట్టుకి వస్తూ ఉంటారు. నాకు తెలుగొచ్చని తెలియగానే అచ్ఛా, ఏ ఊరమ్మా, ఏం చదివావమ్మా అని మర్యాద మొదలెడతారు. మా మామ్మ నాతో మర్యాదగా మాట్లాడలేదు. నేను ఏది చేసి చూపించినా తిప్పి చూసి, దీనికేం రోగం, ఇలా ఉంది అనేది. మీరు మొదటిరోజు వచ్చి ఆ ఉట్టిని తిట్టారే, అప్పుడు మామ్మ పోయి నెల. ఆ రోజు ఇంటికెళ్ళి చాలా ఏడిచాను, తరవాత కడుపునిండా అన్నం తిన్నాను. అందుకే చెప్పలేదు. చెబితే తిట్లు ఆగిపోతాయని."

రెబ్కా చేతులు ఆగిపోయాయి. ఆ పిల్ల నెత్తి మీద అరచెయ్యి అలాగే ఉంచింది. ఆ ముప్పైకి దగ్గరపడ్డ పిల్లని ఒళ్ళోకి లాక్కుని ముద్దుపెట్టుకోవాలనిపించింది, పెట్టుకుంది కూడా, జిడ్డు నెత్తి మీదే. సాలొమోను లేచి వంటింట్లోకి వెళ్ళి అక్కర్లేని గ్లాసులు కడిగాడు.

"మరి కేకు తిని ఆ మొహం ఏంటి?" అంది రెబ్కా కళ్ళు తుడుచుకుని.

"మామ్మ కూడా కుక్కర్లో ఇసుక పోసే కేకు చేసేది. ఆ వాసనే వచ్చింది మీ కేకులో. ఏడుపొస్తే ఆపుకున్నాను. ఆపుకుంటే మొహం అలాగే ఉంటుంది ఆంటీ, నేనేం చెయ్యను. మీరు వెళ్ళాక మొత్తం తినేశాను." తల ఇటు తిప్పి, "నిమ్మతొక్కు మాత్రం కొంచెం ఎక్కువైంది" అంది.

"ఎక్కువైందా? ముప్పై ఏళ్ళనుంచి వేస్తున్నాను, ఒక్కరూ అలా అన్న పాపాన పోలేదు. నీకు కేకు రుచులు నేర్పింది ఎవరంట?"

అనేసి నాలిక్కరుచుకుంది. ఇషిత మాత్రం తల వెనక్కి వాల్చి హాయిగా కళ్ళు మూసుకుంది.

"ఆ టేబులు మీకే ఆంటీ" అంది. "ఒక షరతు. సంబరం అయిపోయాక కూడా బుధవారాలు రావాలి. కొట్లో సరుకంతా తిట్టాలి."

అక్సా ఇంటికొచ్చేసరికి ముందుగదిలో ఎవరో కొత్తమ్మాయి జిడ్డోడుతున్న రెండు జడలతో కూర్చుని పెసరట్టు తింటోంది. తల్లి ఆ అమ్మాయిని ఏదో విషయంలో చీవాట్లు పెడుతోంది. అక్సా బ్యాగు పక్కన పెట్టి, "మమ్మీ, నాక్కూడా రాయి" అని జడ విప్పుకుని కూర్చుంది. తెలుగులోనే అంది.

సంబరం జరిగే శనివారం వచ్చింది. రెబ్కా డ్యూటీ మార్చుకుంది, గుడికి కట్టుకునే పట్టుచీర కట్టుకుంది, దాని మీద స్వెటరు వేసుకుంది. గల్లీ అంతా దీపాల తోరణాలు. కొట్లో కిటికీ పక్కన చిన్న టేబులు, దాని మీద గంజి పెట్టిన నక్షత్రాలు, పళ్ళెంలో కేకు ముక్కలు. టేబులు అంచుకి ఇషిత తెల్ల ప్లాస్టరు ముక్క అంటించి పెన్నుతో రాసింది, 'రెబ్కా' అని, ఇంగ్లీషు అక్షరాల్లో. ఆస్పత్రిలో పిలిచే రిబెకా కాదు, సిస్టర్ కాదు. రెబ్కా దాన్ని వేలితో ఒకసారి నొక్కింది, ఊడిపోతుందేమోనని.

కేకు ముక్కలు గంటలో హారతి కర్పూరంలా అయిపోయాయి. తిండి ఎవరైనా తింటారు, దాన్ని రెబ్కా లెక్కలోకి తీసుకోలేదు. నక్షత్రాల దగ్గరే ఉంది ప్రాణం. కుర్రకారు వచ్చారు, సో క్యూట్ అన్నారు, ఫోటోలు తీసుకుని పోయారు. ఒకామె చేతిలోకి తీసుకుని ఫోనొస్తే అక్కడే పెట్టేసి పోయింది. మధ్యాహ్నం దాటింది. రెబ్కా అందరి మొహాలూ చూసి చూసి అలిసిపోయింది.

అప్పుడొచ్చింది ఒకావిడ. ఆవపిండి రంగు శాలువా, వెనకాలే సంచీ మోస్తూ భర్త. ఆవిడ నక్షత్రం ఒకటి తీసింది. తిప్పి చూసింది. వెనకవైపు అల్లిక చూసింది. ధర చీటీ చూసింది. నిట్టూర్పు విడిచింది. ఆ నిట్టూర్పు వినగానే రెబ్కాకి ఒళ్ళు ఝల్లుమంది. తరవాత ఏం రాబోతోందో ఈ లోకంలో ఆమెకంటే ఎవరికి బాగా తెలుసు?

"ఇంట్లోనే చేసుకోవచ్చండీ" అంది ఆవిడ భర్తతో, తెలుగులో.

"ఊఁ" అన్నాడాయన.

రెబ్కాకి నెత్తికెక్కింది కోపం. చేసుకో తల్లీ, ఎవరొద్దన్నారు, వేళ్ళు విరిగేలా అల్లి చూడు అని నాలుక చివరిదాకా వచ్చింది. టేబులు కింద ఇషిత కాలు వచ్చి ఆమె కాలు తొక్కింది. రెబ్కా నోరు మూసుకుంది. జీవితంలో మొదటిసారి.

ఆవిడ మాత్రం నక్షత్రాన్ని కింద పెట్టలేదు. "కేరళావిడ అనుకుంటా. వీళ్ళకి ఓపికెక్కువ" అంది. కిటికీ దగ్గరికి జరిగి దాన్ని ఎండకెత్తింది. నక్షత్రం నీడ ఆవిడ చెంప మీద పడింది. "చూడండి, ముడి ఎక్కడుందో కూడా తెలీట్లేదు. ఎంత సన్నగా అల్లిందో. చేసుకోవచ్చు అంటాం గానీ, ఈ చెయ్యి మనకెక్కడ్నుంచి వస్తుందండీ?"

ఆ మాట అన్నాక కూడా ఆవిడ నోరు కొంచెం తెరుచుకునే ఉంది. నొసటి మీద ముడతలు విడిపోయాయి. చంటిపిల్లని మొదటిసారి చేతికిచ్చినప్పుడు వార్డులో తల్లుల మొహం అలాగే ఉంటుంది, రెబ్కా అలాంటివి వేలు చూసింది. ఇదన్నమాట. ఇదేనమ్మా, నువ్వు చూడనిది ఇదే. చూస్తున్నాను, చూడు, నీ బదులు నేను చూస్తున్నాను.

ఏడుపు ముంచుకొచ్చింది. అంతమందిలో ఏడిస్తే ఏం బాగుంటుంది? పళ్ళు బిగించి, పెదాలు బిగించి ఆపుకుంది. అలాగే బిగబట్టుకుని, ఆవిడిచ్చిన డబ్బు తీసుకుని, నక్షత్రాన్ని కాగితంలో చుట్టి, రెండు చేతులతో అందించింది.

ఆవిడ అందుకుని రెబ్కా మొహంలోకి ఒకసారి తేరిపార చూసింది. చూసి భర్తవైపు తిరిగి, గొంతు ఏమాత్రం తగ్గించకుండా అంది.

"చెయ్యి బంగారమే గానీ, ఏంటండీ ఆ మొహం. ఆముదం తాగినట్టు పెట్టింది."

ఇషిత నవ్వాపుకోలేక టేబులు కిందికి వంగిపోయింది, పడిపోయినదేదో వెతుకుతున్నట్టు. సాలొమోను సంచీలో తల దూర్చాడు. రెబ్కాకి కన్నీళ్ళు కారిపోతున్నాయి, నవ్వూ ఆగట్లేదు. తెలుగు ముక్క ఒక్కటీ బయటికి రానీయకుండా, చేతులు జోడించి, మళ్ళీ రమ్మని వచ్చిన హిందీలో బతిమాలింది.

"ఫిర్ ఆనా దీదీ. హర్ బుధ్‌వార్ మైఁ యహీఁ రహతీ హూఁ."